నల్ల నూనె అడిగిన ఏడాది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంటా బయటా అందరికీ తెలుసు. కాలేజీలో పిల్లలు నా వెనక ఏ పేరు పెట్టి పిలుచుకునేవారో కూడా నాకు తెలుసు. కానీ ఆ ఏడాది వచ్చిన కోపం వేరు. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం అది. ఇన్నేళ్ళయినా తేలలేదు. రాస్తే తేలుతుందేమోనని రాస్తున్నాను, తేలకపోతే నా ఖర్మ.

రెండువేల పది దాటాక రెండు మూడేళ్ళకి జరిగింది. విజయనగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మా అక్కని రామతీర్థం దగ్గర ఒక పల్లెకి ఇచ్చారు. బావకి సొంతంగా అరెకరం, దాన్ని ఆనుకుని కౌలుకి చేసే భూమి ఇంకో ఎకరంన్నర. అంతా వరే. వాన సరిగ్గా పడితే ఎవరితోనూ పని లేదు. పడకపోతే పక్కనున్న గెడ్డలోంచి, అంటే వాగులోంచి, ఆయిలింజనుతో నీళ్ళు తోడుకోవాలి. కరెంటు స్తంభం వాళ్ళ గట్టు దాకా రాలేదు. అంతకు ముందు రెండేళ్ళూ వానలు ముఖం చాటేశాయి. డీజిలు పోసీ పోసీ, కోతలయ్యేసరికి వాళ్ళకి మిగిలింది పశువులు తినే గడ్డే.

ఆ ఏడు వరి ఉడుపులు అయిపోయాక ఒక ఆదివారం నేను వెళ్ళినప్పుడు బావ అన్నం ముందు కూర్చుని మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

"ఈసారి కూడా ఇలగే అయితే కౌలు ఒగ్గేస్తాను మరదలా. విశాపట్నం ఎల్లి ఏ అపార్టుమెంటు కాడో వాచ్‌మన్ పని సూసుకుంతాను."

తరవాత అక్క గిన్నెలు కడుగుతూ నాతో అంది, "విశాపట్నంలో మా తోటికోడలు బతుకు సూసినాను కదే. మెట్ల కింద గది. పడుకుంటే నెత్తిమీద నించి మనుసులు నడిసెల్తుంతారు. నాను అలగ బతకనేను. ఆయన్ని పంపి పిల్లల్తోటి నానొక్కదాన్నీ ఇక్కడ ఉండనేను. ఈ ఏడు పంట ఎలాగైనా రావాలే."

నాకు అక్క అంటే ప్రాణం. చిన్నప్పుడు నా జడలు వేసింది అక్కే, నన్ను చదివించమని మా నాన్నతో పోట్లాడింది కూడా అక్కే. తను మాత్రం ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాను. ఆ వారమే క్లాసులో సబ్బు తయారీ గురించి చెబుతూ, వంటనూనెతో డీజిలు కూడా చెయ్యొచ్చని గొప్పగా చెప్పి వచ్చాను. మరి చెప్పడమెందుకు, చేసి చూపిస్తే పోలా?

సంగతి ఇంతే. వాడేసిన వంటనూనెని వడకట్టి గోరువెచ్చకంటే కొంచెం ఎక్కువ వేడి చేస్తాం. కాస్టిక్ సోడాని మిథనాల్ అనే స్పిరిట్లో కరిగించి అందులో కలుపుతాం. గంటసేపు తిప్పి వదిలేస్తే, మర్నాటికి అడుగున గోధుమరంగు జిడ్డు దిగి, పైన పల్చటి నూనె తేలుతుంది. దాన్ని నీళ్ళతో కడిగి ఆరబెడితే ఇంజను తాగుతుంది. అయితే కాస్టిక్ ఎంత వెయ్యాలో నూనెని బట్టి ఉంటుంది. అందుకని ముందు చిన్న పరీక్ష చెయ్యాలి. మిథనాల్ విషం, కళ్ళు పోతాయి, నిప్పు దగ్గరికి తేకూడదు. ఇవన్నీ అక్కకీ బావకీ వందసార్లు చెప్పాను. బావ నవ్వేవాడు.

"ఏటే మరదలా, పెల్లికి నీకు ఇంజనీరు సంబంధం సూడాలనుకుంటే నువ్వే ఇంజనీరువైపోనావు!"

మొదటి రెండు సార్లు నూనె విజయనగరంలో ఒక మిఠాయి దుకాణం షావుకారు ఇచ్చాడు. జంతికలూ కారప్పూసా వేయించిన అడుగు నూనె, తారులా నల్లగా ఉంది. నేను ల్యాబులో పరీక్ష చేసి కొలత తేల్చాను. అక్కావాళ్ళ పశువుల పాక పక్కన ఆరుబయట పాత ఇత్తడి డేగిసాలో చేశాం. బావ తిప్పాడు, నేను థర్మామీటరు పట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. మర్నాడు తేటగా తేలింది. ఇంజనులో పోసి బావ హ్యాండిలు తిప్పగానే ఒక్క తిప్పుకి అందుకుంది! గెడ్డ నీళ్ళు పైపులోంచి ఉరికి మడిలో పడుతుంటే అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. నేను గట్టు మీద గంతులేసినంత పని చేశాను. రెండోసారీ అంతే బాగా వచ్చింది.

ప్రతిసారీ నేను ల్యాబుకి పట్టుకెళ్ళి పరీక్ష చేసి రావడం కుదిరే పని కాదు. కాలేజీలో ఆదివారం కూడా స్పెషల్ క్లాసులు పెట్టారు. అందుకని ఆ కొలతనే లీటరుకి ఇన్ని చెమ్చాలని ఒక కాయితం మీద రాసి అక్కకి ఇచ్చాను. అక్క దాన్ని దేవుడి పటం వెనక దోపింది.

ఆ తరవాత షావుకారు చేతులెత్తేశాడు. అడుగు నూనె బజ్జీల బళ్ళవాళ్ళు కొనుక్కుంటున్నారట. నాకు ఒళ్ళు మండింది. ఆ తారు మళ్ళీ జనం కడుపులోకే పోతోందని అక్కడే నాలుగు కడిగేసి వచ్చాను. కడిగేస్తే నూనె వస్తుందా? రాలేదు. అప్పుడు అక్కే అంది, "మా ఊర్లో అడుగుదాం. ఇంటికింత ఇచ్చినా సాలు కదే."

నేనే స్వయంగా వెళ్ళాను. పాతిక మూత డబ్బాలు కొని, అక్క వెంట ఇల్లిల్లూ తిరిగి, "పిన్నీ, వాడేసిన నూనె పారెయ్యకండి, ఇందులో పొయ్యండి" అని నవ్వుతూ చెప్పి తలో డబ్బా పెట్టి వచ్చాను. అందరూ మంచి మనుషులు. కూర్చోమన్నారు, మజ్జిగ ఇచ్చారు. "మా కోడలి సెల్లివి, నువ్వు అడగడం మేము ఇవ్వకపోవడమా" అన్నారు. వారం తిరిగేసరికి డబ్బాలన్నీ నిండి వచ్చాయని అక్క ఫోను చేసింది.

ఇక అక్కణ్ణించి నాకు తలా తోకా తెలియలేదు.

మూడోసారి అక్కా బావా కలిసి చేశారు. నేను వెళ్ళి చూస్తే డేగిసాలో తోడుకున్న పెరుగులా తెల్లగా గట్టిపడి ఉంది. కడగడానికి నీళ్ళు పోస్తే నురుగు. బావ చేత్తో తీసి రుద్దుకుని, "సబ్బు బాగానే వచ్చినాదే. మీ అక్క సీరలన్నీ ఉతికేస్తాది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. కాస్టిక్ సంచి మూతి సరిగ్గా కట్టలేదని అక్క మీద అరిచాను, గాలికి చెమ్మ పట్టిందని. కొత్త సంచి తెచ్చాను. నాలుగోసారి సగం తేలింది, సగం గంజిలా మధ్యలో వేళ్ళాడింది. మిథనాల్ ఇచ్చిన కొట్టువాడు నీళ్ళు కలిపాడని అతని మీదకి వెళ్ళాను. అతను నోరు వెళ్ళబెట్టి చూశాడు. థర్మామీటరు మార్చాను. చెమ్చా మార్చాను. తిప్పే కర్ర తడిగా ఉందని బావని కూడా వదలలేదు. నోటుబుక్కులో గళ్ళు గీసి, ఏ రోజు ఏ మబ్బు పట్టిందో కూడా రాసుకున్నాను. నా మొహం! ఎమ్మెస్సీ చదివి, వందమంది పిల్లలకి పాఠం చెప్పేదాన్ని, పాక పక్కన డేగిసా ముందు తెల్లమొహం వేసుకుని కూర్చున్నాను.

ఊళ్ళో ఎవరో దిష్టి అన్నారు. ఇంకెవరో, దీపాలు పెట్టాక నూనె ఇంట్లోంచి బయటికి ఇవ్వకూడదు, అందుకే ఇలగైనాదన్నారు. అక్క అప్పటినించి తెల్లారాకే డబ్బాలు తెచ్చేది. నేను వాళ్ళని కోప్పడ్డాను గానీ, నిజం చెప్పాలంటే నా గళ్ళ కాయితంలో కూడా అంతకంటే మంచి కారణం లేదు.

ఒక్కటి మాత్రం కళ్ళకి కనబడింది. డబ్బాల్లో నూనె లేత పసుపు రంగులో మెరుస్తోంది. "ఇదేటక్కా, ఇంత తేటగా ఉన్నాది?" అన్నాను. "నువ్వే కదే వడకట్టమన్నావు. నాలుగు మడతల గుడ్డలో వడకట్టినాను" అంది అక్క. గుడ్డలో వడకడితే మడ్డి పోతుంది గానీ రంగు పోదు. అది నాకు తెలియదా? తెలుసు. అయినా అక్క చెప్పింది కాబట్టి నమ్మాను. పైగా ఇంకో తెలివితక్కువ మాట అన్నాను. "ముందు తెచ్చిన నూనెలా నల్లగా ఉంటే బాగుండును. నల్ల నూనే మనకి కలిసొచ్చింది. బాగా వాడింది, నల్లటిది ఇమ్మని సెప్పు."

అప్పటికి దసరా వస్తోంది. వాన జాడ లేదు. వరి పొట్ట మీద ఉంది, వెన్ను తొంగి చూస్తోంది. ఇంకో రెండు తడులు ఇస్తే గింజ పాలు పోసుకుంటుంది, లేకపోతే తాలు. ఊళ్ళో ఉన్న మిగతా రెండు ఇంజన్లూ వాళ్ళ వాళ్ళ మళ్ళకే చాలడం లేదు. బావ ఆ నాలుగోసారి నూనెలో తేలిన సగాన్నే నమ్ముకుని, ఇంటికి ఒక్క చుక్క డీజిలు తేలేదు.

దసరా శెలవులిచ్చిన మొదటి రోజు పొద్దున్నే స్కూటీ వేసుకుని వెళ్ళాను. ఫోను చెయ్యలేదు. బావ పొలం వెళ్ళిపోయాడు. ఇంట్లో అక్క కనబడలేదు. దొడ్లోంచి పొగ, మాడు వాసన. వెళ్ళి చూద్దును కదా, కర్రల పొయ్యి మీద పెద్ద మూకుడు, చుట్టూ అక్కా ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ. మూకుట్లో నూనె సలసల కాగుతోంది. వేగేదేమీ లేదు. పక్కింటి పెద్దావిడ చిటికెడు చిటికెడు తవుడు తీసి అందులో చల్లుతోంది. ఇంకొకామె వట్టి అరటి తొక్కలు వేసింది. పొయ్యి పక్కన చింపిన పామాయిలు పాకెట్లు, రేషను డిపోలో ఇచ్చేవి.

"ఏటక్కా, ఏటి వండుతన్నారు?" అన్నాను.

అక్క గరిటె దించి మొహం పక్కకి తిప్పుకుంది. పెద్దావిడే సమాధానం చెప్పింది.

"నువ్వే కదమ్మా నల్ల నూనె కావాలన్నావు. నల్లబెడతన్నాం."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "నల్లబెట్టడం ఏటి పిన్నీ? మీరు వాడేసి పారేసే నూనె ఇమ్మన్నాను గానీ!"

"వాడిన నూనె మా ఇల్లల్లో ఎందుకుంతాదమ్మా? పండక్కి నాలుగు బూరెలు ఏపితే, మిగిలింది మర్నాడు కూరలోకెల్లిపోతాది. మిగలడానికి మావేటి హోటలు పెట్టినామా?"

"మరి ఇన్నాళ్ళూ డబ్బాల్లో పోసిందేటి?"

"ఇదే. డిపోలో ఇచ్చిన నూనె." ఆవిడ మూకుట్లోకి చూస్తూ చెప్పింది. "నువ్వు గుమ్మంలోకొచ్చి నోరు తెరిసి అడిగినావు. ఇంటికొచ్చిన డబ్బా ఖాలీగా పంపుతామేటి? పోనీ ఉన్న నాలుగు సుక్కల మాడునూనె పోసి ఆడపిల్ల సేతికి ఇస్తామేటి? పద్దతి కాదు కదా. అందుకే మంచిదే పోసినాం. అది నీకు కుదరనేదంట కదా, ఇదిగో మాడబెడతన్నాం."

ముందు నవ్వొచ్చింది. నిజంగా పగలబడి నవ్వాను. వాళ్ళూ నవ్వారు. తరవాత ఆ చింపిన పాకెట్ల వంక చూశాను. ఇంటికి నెలకి ఒకటి ఇస్తారు. ఆ ఒకటీ తెచ్చి నాకిచ్చారు. పాతిక ఇళ్ళలో ఇన్ని రోజులు కూరల్లో ఏం వేసుకున్నారు? నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు. మాడిన నూనెకి కాస్టిక్ ఎక్కువ కావాలి, తేట నూనెకి అందులో సగం చాలు. పాత నూనెకి కట్టిన కొలత కొత్త నూనెలో వేస్తే రెట్టింపు కాస్టిక్ పడినట్టు. సబ్బు కాక ఇంకేమవుతుంది? మొదటి ఏడాది పిల్లలు కూడా చెబుతారు. ఒక్క డబ్బా, ఒకే ఒక్క డబ్బా ల్యాబుకి తీసుకెళ్ళి పరీక్ష చేసి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. కొట్టువాడి మీదకి వెళ్ళే తీరిక ఉంది గానీ, ఆ పది నిమిషాలు లేకపోయాయి నాకు.

వాళ్ళు వెళ్ళాక అక్కని నిలదీశాను. "నీకు తెలుసు కదే? వడకట్టినానని అబద్ధమాడినావు కదే?"

"తెలుసు." అక్క పొయ్యిలో కర్రలు లాగి నీళ్ళు చల్లింది. "మొదటి డబ్బా మూత తీసినప్పుడే తెలుసు. సాలనప్పుడు మా పాకిట్లు కూడా పోసినాను."

"మరి నాకు సెప్పడానికేటి?"

"సెప్తే నువ్వు మానేస్తావు. మానేస్తే ఆయన డీజిలు కొనాల. కొననేడు. ఎల్లిపోతాడు." చింపిన పాకెట్లు ఏరి ఒక పక్కకి పెట్టింది. "మంచి నూనైతే ఇంకా మంచి డీజిలు వస్తాదనుకున్నానే. పాడైపోతాదని నాకేటి తెలుసు?"

మామూలు బుర్రతో ఆలోచించే ఎవరైనా అలాగే అనుకుంటారు. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనకి మాత్రం సెప్పకే. ఊరోల్ల కూర నూనె తన ఇంజన్లో పోసుకున్నాడని తెలిస్తే మనిసి తల ఎత్తుకుని తిరగడు. నా మీద ఒట్టు."

సరేనన్నాను. ఇంకా ఆ మాట నోట్లో ఉండగానే బావ వచ్చాడు. చేతులు మోచేతుల దాకా మడ్డి.

"ఇంజను ఆగిపోనాది. పది తిప్పులు తిప్పినాను, అందుకోదు. ఫిల్టర్లో ఏదో జిగురు."

నేను పరిగెత్తి వెళ్ళి చూశాను. ఫిల్టరు నిండా సబ్బు. నూనె చిమ్మే నాజిల్ మూసుకుపోయింది. బావ దాన్ని విప్పి గుడ్డలో చుట్టుకుని నా స్కూటీ వెనక కూర్చున్నాడు. విజయనగరంలో మెకానిక్ షాపులన్నీ తిరిగాం. ఆయుధపూజకి పనిముట్లన్నీ కడిగి బొట్లు పెట్టేశారు, మళ్ళీ ముట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. దసరా వెళ్ళాక రమ్మన్నారు. దసరా వెళ్ళింది, అమ్మవారి జాతర తొలిరోజు తొలేళ్ళు వచ్చాయి. ఆ మర్నాడు సిరిమాను ఊరేగింపు. ఊరు ఊరంతా అమ్మవారి గుడి ముందు ఉంటే రెంచీ పట్టేవాడెవడు? నేను ఒకాయన ఇంటికే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. "జాతర రెండు రోజులూ ఇనుం ముట్టుకోనమ్మా, మా నాన్న కూడా ముట్టుకోనేదు" అన్నాడు. నాజిల్ బాగై, నేను బంకులో డీజిలు కొని పట్టుకెళ్ళి, ఇంజను తిరిగేసరికి తొమ్మిది రోజులయింది.

నీళ్ళు వచ్చాయి. ఎప్పటిలాగే ఉరికి మడిలో పడ్డాయి. అక్క ఒక వెన్ను తెంపి గింజని గోటితో నొక్కింది. పాలు లేవు. ఇంకోటి నొక్కింది. గెడ్డ వైపు ఉన్న రెండు మళ్ళు దక్కాయి, కౌలు భూమి అంతా తాలే.

కోతలయ్యాక బావ కౌలు వదిలేశాడు. తోటికోడలి మొగుడు మాట్లాడిపెట్టిన అపార్టుమెంటుకి ముందు తనొక్కడే వెళ్ళడానికీ, పిల్లల పరీక్షలయ్యాక అక్క వెళ్ళడానికీ నిర్ణయమైంది. బయల్దేరే రోజు పొద్దున్న నేను వెళ్ళాను. అక్క గుమ్మంలోనే ఉండిపోయింది, రోడ్డు మీదకి రాలేదు. ఆటో కోసం నేనూ బావా రోడ్డు పక్కన నిలబడ్డాం. అంతవరకూ ఒక్క మాట నన్నెవరూ అనలేదు. అని ఉంటే బాగుండేది.

"మరదలా, ఒక మాట అడుగుతాను సెప్పు," అన్నాడు బావ. "ముందు రెండుసార్లూ సుబ్బరంగా వచ్చినాది కదా. అవే సేతులు, అదే కొలత. తరవాత ఏటైనాది? మనం ఎక్కడ తప్పు సేసినాం?"

వెక్కిరింపు కాదు, దెప్పడం కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నాకు తెలుసు. బోర్డు మీద మూడు వరసల్లో రాసి చూపించగలను. ఊరివాళ్ళు మంచి నూనె ఇచ్చారని చెప్పకూడదు, అక్కకి మాటిచ్చాను. కానీ పరీక్ష చెయ్యకుండా ఒకే కొలత రాసిచ్చింది నేనేనని చెప్పడానికి ఏ ఒట్టూ అడ్డం లేదు. ఆ ముక్క నా నాలిక చివరి దాకా వచ్చింది.

"ఏమో బావా. నాకూ అర్థం కాలేదు," అన్నాను.

బావ నా మొహంలోకి కాసేపు చూశాడు.

"పోన్లే. నీకే అర్థం కాకపోతే మాలాంటోల్లకేటి అర్థమవుతాది. నువ్వు మనసులో ఎట్టుకోకు," అన్నాడు. ఆటో వచ్చింది. సంచి ఒళ్ళో పెట్టుకుని ఎక్కి కూర్చున్నాడు.